టార్చిలైటు పెట్టిన కాపలా

పాలవాడు వెళ్ళాక గిన్నె వెలుతురులో పెట్టి చూసుకునే ఆడవాళ్ళు ఊరినిండా ఉంటారు. పాలు పోస్తుండగా గిన్నె మానేసి పాలవాడి మొహం కేసి చూసే మనిషి మాత్రం ఒక్కతే. "నీళ్ళు కలిసిన సంగతి పాలు దాచుకోవచ్చు, వాడి కళ్ళు దాచుకోలేవుగా," అంటుంది. ఆవిడే టార్చిలైటు. ఆ పేరు పెట్టినవాడు స్వయానా మరిది. "ఇంట్లో కత్తెర కనపడకపోతే మా వదిన కత్తెరని వెతకదు, తీసినవాళ్ళని వెతుకుతుంది. టార్చిలైటు!" అన్నాడు ఓ రోజు భోజనాల దగ్గర. అందరూ పొలమారేలా నవ్వారు. నవ్విన పేరు ఇంట్లో ఆగుతుందా? మెట్లు దిగి వీధిలోకి వెళ్ళింది. ఆవిడ పైకి కసిరేది గానీ లోపల కాస్త గర్వంగానే ఉండేది.

మనిషి చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, తరవాత చెప్తే మీరు నమ్మరు. ఆ ఇంటి చిన్నకోడలికి, అంటే మరిది పెళ్ళానికి, కడుపులో ఆపరేషన్ అయినప్పుడు మంచం దగ్గర కూర్చుని గంజి తాగించింది ఆవిడే. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చేదీ ఆవిడే. మారుస్తూ మారుస్తూ "నిజంగా జ్వరమేనా" అని మెడ కింద చెయ్యి పెట్టి చూసేది. అదీ వరస.

వాళ్ళది పళ్ళ వ్యాపారం. తినే పళ్ళు కాదు, నోట్లో పెట్టుకునే పళ్ళు. ఇంటి కింది భాగమంతా పనిశాల. పళ్ళ డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపుతారు, లేదా ఇప్పటి పద్ధతిలో నోరంతా యంత్రంతో ఫొటో తీసి మెయిల్‌లో పంపుతారు. వీళ్ళు దానికి సరిపోయే పన్ను తయారుచేసి ఇస్తారు. అరల నిండా ప్లాస్టర్ దవడలు. గుమ్మంలో అడుగుపెట్టినవాడిని చూసి నాలుగు వైపులా ఇకిలిస్తూ ఉంటాయి. టార్చిలైటు తన జన్మలో పూర్తిగా నమ్మిన నోళ్ళు అవొక్కటే, మాట్లాడవు కనక.

పెద్దాయన, అంటే ఆవిడ మొగుడు, సాన పడతాడు. ఆ మరయంత్రం చప్పుడుకి చెవులు మందగించాయని ఆయన అంటాడు. మందగించలేదని, తన మాటలు తప్పించుకోవడానికి వేసిన ఎత్తని ఆవిడ అంటుంది. మరిది పళ్ళు కాల్చే కొలిమి దగ్గర ఉంటాడు. పంటికి రంగు వేసేది చిన్నకోడలు. పన్ను తెల్లగా ఉంటుందని మనం అనుకుంటాం గానీ, ఒకరి పన్ను ఇంకొకరి పన్నులా ఉండదు. మొదట్లో కాస్త పసుపు, కొసలో కాస్త నీలం, పక్కపంటి మీద టీ మరక ఉంటే ఆ మరక కూడా వెయ్యాలి. సన్నని కుంచె పట్టుకుని, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని చిన్నకోడలు రంగు దిద్దిందంటే ఆ పన్ను ఎవరిదో వాళ్ళ నోట్లోనే పుట్టినట్టు ఉండేది.

ఇక మిగిలిన పెత్తనమంతా టార్చిలైటుది. ఫోనూ, మెయిలూ, డాక్టర్లతో మాటలూ. ఆవిడ ఒక కట్టడి పెట్టింది: మెయిల్ ఎవరు తెరిస్తే వాళ్ళే లేచి ఆ రోగికి ఒక ట్రే తియ్యాలి. నీలం ప్లాస్టిక్ ట్రే, దాని మీద రోగి పేరు చీటీ. ఆ క్షణం నుంచి అచ్చూ, పన్నూ, అన్నీ ఆ ట్రేలోనే తిరుగుతాయి. తెరవని మెయిల్ తెర మీద లావు అక్షరాలతో ఉంటుంది, తెరిస్తే అక్షరాలు సన్నబడతాయి. కాబట్టి లావుగా ఉన్నది ఇంకా పట్టుకోని పని, సన్నగా ఉన్నదానికి అరలో ట్రే ఉండి తీరాలి. అంతా సవ్యంగా నడిచేది. ఎంత సవ్యంగా అంటే ఆవిడకి అనుమానించడానికి ఏమీ దొరక్క చెయ్యి దురద పెట్టేది.

దొరికింది. వంతెన పక్కన ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఆయన పంపిన పని ఒకటి ఆవిడ భోజనం చేసొచ్చి, కునుకు తీసి, నింపాదిగా "చేస్తామండీ" అని జవాబిచ్చేలోపు వేరే పనిశాలకి వెళ్ళిపోయింది. మరోసారి కూడా అంతే. ఆ వేరే పనిశాలలో ఎవరు పనిచేస్తారు? చిన్నకోడలి అన్న. ఇంకేం కావాలి! నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, మనవాళ్ళకి పొగ కూడా అక్కర్లేదు, అగ్గిపెట్టె ఉంటే చాలు.

"మన ఉత్తరాలు మనకంటే ముందు ఎవరో చూస్తున్నారండీ," అంది మొగుడితో.

ఆయన మరయంత్రం ఆపలేదు.

పొద్దున్నే పనిశాల తాళం తీసేది చిన్నకోడలే. కంప్యూటర్ ఆన్ చేసేదీ ఆవిడే. రంగుల సంగతి చూసుకోవాలి కనక మెయిల్ పాస్‌వర్డ్ ఆవిడకీ తెలుసు. టార్చిలైటు ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంది. నోరు మాత్రం విప్పలేదు. రుజువు లేకుండా అనేస్తే మాట పోతుంది, అదీగాక దొంగ జాగ్రత్తపడుతుంది. వచ్చిన ప్రతి ఉత్తరం ఇంకొకటి తన దగ్గర ఉంటే, కింద ఎవరు ఏది మాయం చేసినా తెలిసిపోతుందనుకుంది.

ఆవిడ మేనకోడలు ఒకర్తి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉంది. మాటంటే పడే రకం కాదు, కానీ మేనత్తంటే ప్రాణం. ఆదివారం ఆ పిల్లని పైకి పిలిచి, పడకగది తలుపు దగ్గరికేసి, సంగతి సగమే చెప్పింది.

"మా పనిశాలకి వచ్చే ప్రతి ఉత్తరం నకలు ఒకటి నా దగ్గరికి రావాలే. వస్తున్నట్టు ఎవరికీ తెలీకూడదు."

"ఎందుకత్తా?"

"భద్రం కోసం."

"కింద కంప్యూటర్‌లో ఉన్నాయిగా?"

"చెప్పింది చెయ్యవే తల్లీ. నీతో కూడా వాదించే ఓపిక లేదు."

మంచం పక్కన పాత కంప్యూటర్ ఒకటి మూలుగుతూ పడుంది. మేనకోడలు దాని దుమ్ము దులిపి, ముందు కూర్చుంది. "ఇదంతా నేను కూర్చుని మొదటినుంచీ రాయక్కర్లేదు. మెయిల్ తెచ్చే పనికి రాసిపెట్టిన సరుకు ఉంది, లైబ్రరీ అంటాం. ఉత్తరాలన్నీ సర్వర్‌లో ఉంటాయా, వెళ్ళి దాని తలుపు తట్టడం, పేరూ పాస్‌వర్డూ చెప్పడం, కొత్తవి ఏమొచ్చాయో అడగడం, అందుకుని రావడం, అన్నీ ఆ లైబ్రరీకి తెలుసు. నేను పురమాయిస్తే చాలు."

"రాసిపెట్టారా? ఎవరు?"

"ఎక్కడెక్కడి వాళ్ళో."

"వాళ్ళు మన ఉత్తరాలు చదివేస్తే?"

"వంటల పుస్తకం చూసి నువ్వు వండితే, పుస్తకం రాసినావిడ వచ్చి తినిపోతుందా?"

ఆ జవాబు ఆవిడకి నచ్చింది. అయినా వదిలితే ఆవిడ టార్చిలైటు ఎలా అవుతుంది? "తెచ్చాక అక్కడ ఉత్తరం మిగుల్తుందా, పోతుందా?"

"మిగుల్తుంది. మనం తెచ్చేది నకలు."

"చప్పుడు గిప్పుడు చేస్తుందా? కింద ఏమైనా లైటు వెలుగుతుందా?"

"అత్తా, అది పిల్లి కాదు, ప్రోగ్రాం."

పిల్ల కాసేపు టకటకా కొట్టింది. ఇక ఆ పాత కంప్యూటర్ కాసేపటికోసారి వెళ్ళి సర్వర్‌ని అడిగి, వచ్చిన ఉత్తరాలు తెచ్చి ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది. పాస్‌వర్డ్ మారితే ఎక్కడ మార్చాలో కూడా చూపించింది. టార్చిలైటు ఆ కంప్యూటర్ మీద ఒక పాత చీర కప్పింది.

మర్నాడు కిందికి దిగి మెయిల్ తెరిచి చూసింది. పొద్దున వచ్చిన ఉత్తరాలన్నీ సన్నగా ఉన్నాయి. లావు అక్షరం ఒక్కటి లేదు. అరల దగ్గరికి నడిచి చూసింది. ఆ పేర్లతో ట్రేలు లేవు. అంటే ఎవరో తెరిచారు, చదివారు, నోరు మూసుకుని కూర్చున్నారు. గదిలో ఆ పొద్దున ఉన్నది ఒక్కతే. కిటికీ దగ్గర తల వంచుకుని కుంచె కడుక్కుంటోంది.

"వహ్వా," అనుకుంది టార్చిలైటు. "కాపలా పెట్టిన మర్నాడే చిక్కింది!"

అలా అనుకున్న మనిషికి ఆ పైన ప్రతి చిన్న విషయమూ సాక్ష్యం చెప్తుంది. ఒకసారి ఆవిడ కళ్ళ ముందే ఒక ఉత్తరం లావుగా వచ్చి వాలింది. అదే సమయానికి ఫోను మోగింది. ఇటు తిరిగి డాక్టరుతో మాట్లాడి అటు తిరిగేసరికి ఆ ఉత్తరం సన్నబడిపోయి ఉంది! గబుక్కున తల తిప్పి చూసింది. చిన్నకోడలి చేతి పక్కన ఆవిడ ఫోను ఉంది. ఫోనులో మెయిల్ చూడొచ్చని ఎవరికి తెలీదు? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. టార్చిలైటు ఏమీ ఎరగనట్టు నవ్వింది. చిన్నకోడలు కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి ఈవిడకి ఒళ్ళు మండిపోయింది.

ఇక పాస్‌వర్డ్ మార్చేసింది. కొత్తది ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. పైకెళ్ళి చీర తొలగించి ఆ పాత కంప్యూటర్‌కి మాత్రం చెప్పింది, లేకపోతే నకళ్ళు ఆగిపోతాయిగా.

కాసేపటికి చిన్నకోడలు వచ్చింది. "అక్కా, మెయిల్ తెరుచుకోవట్లేదు. ముందుపంటి రంగు ఏం రాశారో చూడాలి."

"అబ్బా, ఏం నటనే నీది," అని మనసులో అనుకుని, "నన్నడుగు, నేను చదివి చెప్తా," అంది పైకి.

మర్నాడు చూస్తే ఉత్తరాలు మళ్ళీ సన్నగానే ఉన్నాయి. ఇంకో మనిషైతే ఇక్కడ ఆగేది. పాస్‌వర్డ్ తెలియని మనిషి ఎలా తెరిచిందబ్బా అని ఒక్క క్షణం ఆలోచించేది. మన టార్చిలైటు కూడా ఆలోచించింది, ఆ మాట అనకూడదు. ఆలోచించి, తను కొడుతుంటే వెనక నుంచి వేళ్ళు చూసి పట్టేసిందని తేల్చుకుంది. రంగుల్లో అంత తేడా పట్టే కళ్ళకి వేళ్ళు పట్టడం ఓ లెక్కా?

నకలు తెచ్చే సంగతి మేనకోడలికి తెలుసు గానీ, కింద ఉత్తరాలు సన్నబడుతున్న సంగతి ఆ పిల్లకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటారా? ఆ పిల్లా చిన్నకోడలూ అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటారు. గోడలకి చెవులుంటాయి, ఫోన్లకి నోళ్ళు కూడా ఉంటాయి.

మధ్యాహ్నం అందరూ తింటుండగా బయటపెట్టింది.

"ట్రే ఏదీ?"

"ఏ ట్రే అక్కా?" అంది చిన్నకోడలు.

"తెరిచిన ఉత్తరానికి తియ్యాల్సిన ట్రే."

"నేను తెరవలేదే."

"నువ్వు తెరవలేదు, నేను తెరవలేదు. వీళ్ళిద్దరికీ మెయిల్ తెరవడమే రాదు. ఇంక అరల్లో దవడలు లేచొచ్చి చదువుకున్నాయా?"

మరిది కంచంలో చెయ్యి ఆపాడు. "వదినా, ఊరుకో."

"ఊరుకునే మనిషినైతే ఈ పనిశాల ఎప్పుడో వంతెన అవతల ఉండేది. వాళ్ళ అన్న ఉన్నచోట!"

చిన్నకోడలి మొహం పాలిపోయింది. "అక్కా, ఒట్టు. నేను చూడలేదు." కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయింది. చూశారా, దొంగకి తేలు కుట్టినట్టు ఎలా వెళ్ళిందో, అంది టార్చిలైటు. పెద్దాయన మజ్జిగ పోసుకున్నాడు.

ఆ తరవాతి రోజులు తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. చిన్నకోడలు రంగు వేస్తుంటే వచ్చి కుర్చీ వెనక నిలబడేది. ఊరికే, ఏమీ అనకుండా. ఫోను మోగితే "ఎవరు?" అనేది. బాత్రూంకి వెళ్తే "ఫోను ఇక్కడ పెట్టి వెళ్ళు, తడుస్తుంది" అనేది. ఇంట్లో గిన్నెలు తోమే మనిషితో కూడా "పైన వాళ్ళ గదిలో ఏమైనా కాగితాలు కనపడితే చెప్పు" అంది. చిన్నకోడలి చెయ్యి వణకడం మొదలైంది. ఎన్నడూ లేనిది, ఒక పంటి రంగు తేడాగా ఉందని డాక్టరు వెనక్కి పంపాడు. అది కూడా టార్చిలైటు లెక్కలో వేసుకుంది: తప్పు చేసిన చెయ్యి కదా, వణకదూ?

చివరికి ఓ రోజు వెనక గదిలో, ప్లాస్టర్ కలిపే తొట్టి దగ్గర చిన్నకోడలు చేతులు కడుక్కుంటూ ఉంది. టార్చిలైటు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిజం చెప్పవే. చెప్తే నేనేమన్నా కొరుక్కుతింటానా?"

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. చిన్నకోడలు పంపు కట్టలేదు, ఇటు తిరగలేదు.

"అవునక్కా. నేనే చూశాను."

"మీ అన్నకి చెప్పావా?"

"ఊఁ."

టార్చిలైటుకి ఏమనిపించిందో దాచకుండా చెప్పుకోవాలి. సంతోషం వేసింది. ఇన్నాళ్ళూ పిచ్చిదాన్ని చేశారు, చూశారా ఇప్పుడు, అని ఒళ్ళంతా పొంగింది. ఆ పూట కడుపునిండా తింది. హాయిగా నిద్ర కూడా పట్టింది. సిగ్గులేని నిద్ర!

మరిది మర్నాడే కొలిమి ఆర్పేశాడు. రెండు వీధుల అవతల గది అద్దెకి తీసుకుని సామాను రిక్షాలో వేసుకుని వెళ్ళిపోయాడు. పని ఎక్కడ దొరుకుతుంది? తెలిసిన పని ఒక్కటే, తెలిసిన మనిషి బావమరిది ఒక్కడే. ఆ పనిశాలలోనే చేరాడు. టార్చిలైటు అనుమానించినప్పుడు అబద్ధమైన మాటని టార్చిలైటే చేతులారా నిజం చేసి పెట్టింది. ఆవిడ మాత్రం "చెప్పానా!" అంది.

ఇప్పుడు కొలిమి దగ్గర ఎవరూ లేరు. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ. పెద్దాయన ఒక్కడూ సాన పట్టి, కాల్చి, తనకి చేతనైనట్టు రంగు పూసేవాడు. పళ్ళన్నీ ఒకే తెలుపుతో గోడకి వేసిన సున్నంలా ఉండేవి. పని ఇచ్చి రావడానికి కూడా మనిషి లేక టార్చిలైటే వంతెన పక్క డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మనసులో ఉన్నది ఆగదు కదా, బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిని అడిగేసింది, మా పని అటెలా వెళ్తోందమ్మా అని.

"మేం ఇద్దరికీ ఒకేసారి మెయిల్ పెడతామండీ. ఎవరు ముందు జవాబిస్తే వాళ్ళకి ఇస్తాం. మీరు ఎప్పుడూ ఆలస్యమే," అంది ఆ అమ్మాయి.

"వీళ్ళూ వాళ్ళ మనుషులే," అనుకుంటూ మెట్లు దిగింది టార్చిలైటు. అయినా ఎక్కడో ఒక పుల్ల గుచ్చుకుంది.

ఆ పుల్లని కదిలించేది ఇంకోటి ఉంది. చిన్నకోడలు వెళ్ళిపోయింది. పాస్‌వర్డ్ మళ్ళీ మార్చింది, తలుపు మూసుకుని మరీ మార్చింది, పైనున్న పాత కంప్యూటర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. అయినా ఉత్తరాలు సన్నగానే ఉంటున్నాయి! మరి ఇప్పుడెవరు? ఇంట్లో మిగిలింది ఎవరు?

సాన పడుతున్న మొగుడి వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆయన కనుబొమల మీదంతా ప్లాస్టర్ పొడి. మెయిల్ అంటే ఏ బొమ్మ నొక్కాలో కూడా ఆయనకి తెలీదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసీ అడిగింది.

"మీ తమ్ముడికి మీరేమైనా చెప్తున్నారా?"

ఆవిడ మాటకి ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన మరయంత్రం ఆపాడు. కళ్ళద్దాలు తీసి ఆవిడ కేసి చూశాడు.

"నన్ను కూడానా?"

అంతే అన్నాడు. మళ్ళీ మరయంత్రం వేశాడు. ఆ పూట అన్నానికి పిలిస్తే నిజంగానే వినపడనట్టు కూర్చున్నాడు.

తరవాత జరిగింది వింటే నవ్వొస్తుంది, కానీ నవ్వకండి. మంచం కింద ఎలక చేరిందని ఆవిడకి అనుమానం వచ్చింది. మంచం ఈడ్చింది, పెట్టెలు జరిపింది, ఆ ఈడ్పుల్లో పాత కంప్యూటర్ ప్లగ్గు ఊడింది. ఎలకా లేదు గిలకా లేదు. కిందికి దిగి మెయిల్ చూస్తే ఉత్తరాలు లావుగా ఉన్నాయి! వరసగా, నల్లగా, ఎవరూ ముట్టుకోకుండా. సాయంత్రం దాకా లావుగానే ఉన్నాయి. మర్నాడూ అంతే.

తెలివి లేకపోవడం టార్చిలైటు సమస్య ఎప్పుడూ కాదు. మెట్లెక్కి ప్లగ్గు పెట్టింది. దిగి చూసింది, సన్నబడ్డాయి. ఎక్కి ప్లగ్గు తీసింది. ఈసారి వచ్చిన ఉత్తరం లావుగా ఉండిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. మోకాళ్ళు పట్టేసేదాకా ఎక్కుతూ దిగుతూనే ఉంది, ఏదో ఒక్కసారైనా లెక్క తప్పకపోతుందా అని. ఒక్కసారీ తప్పలేదు.

మేనకోడలికి ఫోను చేసింది. మొదటిసారి సంగతి మొత్తం చెప్పింది.

"వింటున్నావా?"

"అత్తా... ప్రోగ్రాం వెళ్ళి ఉత్తరం మొత్తం ఇమ్మని అడిగితే, సర్వర్ దాన్ని ఎవరో చదివేశారనే గుర్తు పెడుతుంది. మనిషి తెరిచినా, ప్రోగ్రాం తెచ్చినా దానికి ఒకటే. గుర్తు పడకుండా తొంగి చూసి తెచ్చే పద్ధతి వేరే ఉంది. ఆ లైబ్రరీలోనే ఉంది. ఒక్క మాట మార్చి రాయాలి, అంతే. నాకు తట్టలేదు."

"నాతో చెప్పొద్దటే!"

"నువ్వు చెప్పొద్దా? ఉత్తరాలు సన్నబడుతున్నాయని ఒక్క ముక్క అని ఉంటే ఆ నిమిషంలోనే చెప్పేదాన్ని. భద్రం కోసం అన్నావు, నమ్మాను. చిన్నత్తని పట్టుకోవడానికని నాకేం తెలుసు?"

కంచే చేను మేసింది. కంచె వేయించింది తనే. మేసిన చేను చూపించి పక్కింటి ఆవుని తరిమేసింది కూడా తనే. టార్చిలైటు ఫోను పెట్టేసి మంచం మీద కూలబడింది. ఒప్పుకుంది కదా! అదొక్కటే ఆవిడ బుర్రలో గిర్రున తిరిగింది. చెయ్యని పని చేశానని ఒప్పుకుంది కదా, ఎందుకు ఒప్పుకుంది?

ఎండ ఉండగానే బయల్దేరింది. అద్దె గది మేడ మీద ఉంది. చిన్నకోడలు కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో పన్ను దిద్దుతోంది, ఆ పనిశాల నుంచి ఇంటికి తెచ్చుకున్న పని. చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"రా అక్కా."

టార్చిలైటు నిలబడే అంతా చెప్పేసింది. పాత కంప్యూటర్, చీర, నకళ్ళు, ఎలక, ప్లగ్గు. ఊపిరి తీసుకోకుండా చెప్పింది, ఆగితే మళ్ళీ చెప్పలేనేమో అని. చిన్నకోడలు కుంచె పట్టుకునే విన్నది.

"అయితే కంప్యూటరా?"

"కంప్యూటరేనే."

చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నావే? చెయ్యని పాపం నెత్తినేసుకుంటారటే ఎవరైనా? మీ అన్న పేరు కూడా చెప్పావు!"

"ఆ పేరు నువ్వే చెప్పావక్కా. నేను ఊఁ అన్నాను."

"ఎందుకే?"

"అంటే ఆపుతావని." కుంచె కొస తుడుచుకుంది. "రోజూ నా వెనక నిలబడేదానివి. కాదు కాదంటే ఇంకా దగ్గరికి వచ్చి నిలబడేదానివి. నా తరవాత ఈయన మీద పడతావు, ఆ తరవాత బావగారి మీద. పోనీ నాతో ఆగిపోతుంది, మిగతా అందరూ చల్లగా ఉంటారు అనుకున్నా."

టార్చిలైటు నేల చూపులు చూసింది. "మీ బావగారిని కూడా అడిగాను," అంది, గొంతు బయటికి రాకుండా.

చిన్నకోడలు కుంచె కింద పెట్టేసింది.

"తప్పు నాది. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. పద, ఇంటికి పద. మరిదికి నేను చెప్పుకుంటా."

"నేను ఒక్కటి అడుగుతా, చెప్తావా?"

"అడుగు."

"ఆ ప్లగ్గు ఊడకపోయుంటే వచ్చేదానివా?"

వచ్చేదాన్నే అనొచ్చు. మనసు పీకుతూనే ఉంది, ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదాన్నే అని సర్ది చెప్పొచ్చు. నాలిక దాకా వచ్చింది కూడా. చిన్నకోడలు కళ్ళు చూసి మింగేసింది.

"వచ్చేదాన్ని కాదే."

చిన్నకోడలి వేళ్ళకి రంగుంది. భుజంతో కళ్ళు తుడుచుకుంది.

"మరి నువ్వు నన్ను నమ్మి రాలేదుగా అక్కా. కంప్యూటర్‌ని నమ్మి వచ్చావు. నేను ఒట్టేస్తే నమ్మలేదు, అది చెప్తే నమ్మావు. రేపు ఇంకోటేదో తేడా వస్తుంది. అప్పుడు ఏ ప్లగ్గు ఊడుతుంది?"

ఎదుటివాళ్ళు ఏమంటే ఏమనాలో ఎప్పుడూ ముందే సిద్ధంగా ఉంచుకునే మనిషి, ఉత్త చేతులతో నిలబడింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది.

చిన్నకోడలు గుమ్మం దాకా వచ్చింది. "మెట్లు ఇరుకు, చూసుకుని దిగక్కా. మోకాలు నొప్పి కదా," అంది.

ఆ మాట విన్నాక ఇంక ఆగలేదు. ఎలా దిగిందో దిగింది. వీధి మధ్యలో నిలబడి, పక్కన ఎవరున్నారో, ఏ కిటికీలోంచి ఎవరు చూస్తున్నారో ఒక్కసారి కూడా తల తిప్పి చూడకుండా, భోరున ఏడ్చింది.